ఒక్క ఇంటి నెత్తురు

పోయిన వారం మనం నర్మదను సోనుగూడ దారిలో, గతుకుల మీద ఎగిరిపడుతున్న జీపులో వదిలి వచ్చాం. ఆమె ఇంకా ఆ జీపులోనే ఉంది. డ్రైవర్ హనుమండ్లు పత్తి బండ్లను తప్పిస్తూ, అడ్డం వచ్చిన మేకలను తిడుతూ నడుపుతున్నాడు. నర్మద కుదురుగా కూర్చోలేక మలుపు మలుపుకీ "ఇంకెంత దూరమన్నా?" అంటోంది. ఏడాదిన్నరగా అదే దారిలో తిరుగుతున్న మనిషి అడగాల్సిన ప్రశ్న కాదది. హనుమండ్లు మంచివాడు గనుక ప్రతిసారీ "గీ గుట్ట దిగితె అయిపాయె" అని ఊరుకుంటున్నాడు.

కథలోకి ఇవాళే అడుగుపెట్టిన వాళ్ళకు నాలుగు మాటలు చెప్పాలి. నర్మద కరీంనగర్ దిక్కు ఒక చిన్న ఊళ్ళో పవర్‌లూమ్ నడిపే పరశురాములు కూతురు. ఆదిలాబాద్ అడవి గూడేల్లో సికిల్ పరీక్షలు చేసే బండిలో ఉద్యోగం. సికిల్ అంటే పుట్టుకతో నెత్తురులో వచ్చే జబ్బు. ఆ జబ్బు మచ్చ ఒక్కవైపు నుంచే వస్తే మనిషి దుక్కలా ఉంటాడు, తనలో మచ్చ ఉందని కూడా తెలియదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా వస్తేనే కష్టం. కీళ్ళ నొప్పులు, పచ్చబడే కళ్ళు, ఊరికే తగ్గిపోయే నెత్తురు. ముందే తెలుసుకుంటే మందులున్నాయి. తెలుసుకోవాలంటే వేలు చాపాలి. గోండు గూడేల్లో ఎవరూ వేలు చాపలేదు.

అప్పుడు నర్మదకు ఒక ఉపాయం తట్టింది. గోండుల ఇళ్ళను దేవుళ్ళ లెక్కన చెప్పుకుంటారు. నాలుగు దేవుళ్ళ ఇల్లు, ఐదు దేవుళ్ళది, ఆరు, ఏడు. ఒక్క లెక్క వాళ్ళంతా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. వాళ్ళలో వాళ్ళకు పెళ్ళి కుదరదు. బిడ్డ పుడితే తండ్రి ఇంటి పెద్దదేవుని ముందు నిలబెట్టి ఆ ఇంటి బిడ్డ అనిపించుకోవాలి. నర్మద గూడెం నడిమధ్య నిలబడి, "సికిల్ మచ్చ ఉన్నోళ్ళందరు ఒక్క దేవుని ఇంటోళ్ళనుకోన్రి. ఆ ఇంట్ల పిల్లను ఆ ఇంట్లనే ఇయ్యద్దు" అంది. అంతే, జనం వరస కట్టారు. ఆఫీసువాళ్ళు మురిసిపోయి ఆ ముక్కను ఫోన్లో రికార్డు చేసి గూడేలన్నింటికీ పంపారు. ఇలాగే జనం వస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సికిల్ రోగుల కోసం మంచాలతో, మందులతో ఒక గది ఇస్తామన్నారు. ఆ గది కోసం ఎంత తిరిగిందో నర్మదకే తెలుసు.

ఇక పోయిన వారం చివర్లో సోనుగూడ ఆశా కార్యకర్త సోంబాయి ఫోన్ చేసి చెప్పిన మాట గుర్తుందిగా? "నీ మాట పట్టుకొనే జంగుబాయి కాపురం ఇరగ్గొడుతుండ్రు మేడం. జల్ది రా."

గుట్ట ఎక్కుతుండగా నర్మద ఫోన్ మోగింది. అవ్వ, అంటే తల్లి.

"బిడ్డా, చెల్లెకు మళ్ళ లేసింది నొప్పి. ఈసారి కాళ్ళు కాదు, కడుపుల. కరీంనగర్ దవాఖానకు తెచ్చినం."

"బాపు ఉన్నడా ఎంబడి?"

"ఉన్నడు. మగ్గం సాంచెలు బందుపెట్టి వచ్చిండు. నువ్వేం ఫికర్ జెయ్యకు గని…"

"నేను మళ్ళ జేస్తనవ్వా. ఇక్కడ జర అర్జంటున్నది."

చెల్లెలు భవ్యశ్రీకి చిన్నప్పటి నుంచీ చలికాలం వస్తే మోకాళ్ళ నొప్పులు. ఎదిగే పిల్లకు ఉంటాయిలే అని ఒక డాక్టరు, వాతం అని ఇంకొకరు, పాలు తాగించమని మరొకరు చెప్పారు. ఇంట్లో అందరికీ అలవాటైపోయిన నొప్పి అది. నర్మద ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కిటికీ లోంచి చూసింది. గుట్ట దిగగానే సిగ్నల్ పోయింది.

సోనుగూడలో గూడెం పెద్ద, పటేల్ లింబారావు ఇంటి ముందు పందిరి కింద జనం కూర్చుని ఉన్నారు. పత్తి ఏరే రోజుల్లో పొద్దున పూట ఇంతమంది గూడెంలో ఉన్నారంటేనే సంగతి ఎంత పెద్దదో అర్థమవుతుంది. పందిరి గుంజకు ఒక మోటార్ సైకిల్ ఆనించి ఉంది. దాని వెనక సీటుకు బట్టల మూట కట్టేసి ఉంది. ఆ బండి జంగుబాయి వాళ్ళన్నయ్యది. చెల్లెల్ని పెన్‌గంగ నది అవతల తన ఊరికి తీసుకుపోవడానికి వచ్చాడు.

జంగుబాయి పందిరికి ఒక పక్కన కూర్చుంది. ఏడో నెల. కళ్ళు ఉబ్బి ఉన్నాయి గానీ ఏడవడం లేదు. ఆమె మొగుడు భీంరావు పందిరి కిందికి రాకుండా దడి అవతలే నిలబడ్డాడు. పరీక్షలో ఇద్దరికీ మచ్చ ఉందని తేలిన దగ్గర నుంచీ అతను చేనులోని మంచె మీదే పడుకుంటున్నాడట. ఆమె వండింది అతను తినడం లేదు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. తమంతట తామే దూరం జరిగారు. నర్మదకు ఆ సంగతే ఎక్కువ గుచ్చుకుంది.

"రాం రాం, పటేల్ దాదా" అంది.

"రాం రాం బాయీ. కూసో. నీళ్ళు తాగు" అన్నాడు లింబారావు. తెల్లటి తలపాగా, నెమ్మదైన మాట. కోపం ఉంటే దాన్ని ఎక్కడ దాచాడో గానీ ముఖంలో లేదు.

నర్మద కూర్చోలేదు. "నీళ్ళు తర్వాత తాగుత. జంగుబాయిని ఎందుకు పంపుతుండ్రు? ఏడో నెల. నది దాటిచ్చి, అంత దూరం మోటార్ సైకిల్ మీద! ఈమె కాన్పు మన దవాఖానలనే కావాలె. బిడ్డ పుట్టంగనే పరీక్ష జెయ్యాలె. అక్కడ ఎవలు జేస్తరు?"

"మేం పంపుతలేం."

"మరి?"

"నువ్వు పంపుతున్నవ్" అన్నాడు లింబారావు.

పటేల్ తొందరపడకుండా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"జంగుబాయి ఆరు దేవుళ్ళ ఇంటి పిల్ల. భీంరావు ఐదు దేవుళ్ళ పోరడు. అంత చూసుకొనే లగ్గం జేసినం. నువ్వు వచ్చినవ్. మచ్చ ఉన్నోళ్ళందరిది ఒక్క ఇల్లు అన్నవ్. ఫోన్ల గూడ పంపిండ్రు, ఇగో, నా మనవరాలు రోజు పెడ్తది. నువ్వు సదువుకున్నదానివి, సర్కార్ మనిషివి. ఉత్తగ ఎందుకంటవ్? ఒక్క ఇంటోళ్ళు మొగడు పెండ్లాలుగ ఉంటరా? మీ దిక్కు ఉంటరా?"

"ఉండరు."

"మా దిక్కు గూడ ఉండరు."

"పటేల్ దాదా, అది సమజు కానీకి చెప్పిన. ఉపమానం. నిజంగ ఒక్క ఇల్లని కాదు."

లింబారావు ముఖం అప్పుడు మారింది. "దేవుని ఇంటి మీద ఉపమానం చెప్తరా బాయీ?"

నర్మద చెవులు వేడెక్కాయి. ఉపాయం తట్టిన రోజున తనెంత గొప్పదాన్ననుకుందో గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. వాళ్ళకు అన్నింటికంటే పెద్దదైన దాన్ని తను పనిముట్టులా వాడుకుంది. వాళ్ళేమో నిజమనుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నారు. పైగా ఆ మాట ఫోన్లెక్కి గూడెం గూడెం తిరుగుతోంది. ఇంకెన్ని ఇళ్ళల్లో ఇంకెంతమంది మొగుళ్ళు చేను మంచెల మీద పడుకుంటున్నారో!

ఆమె తన సంచిలోని బొమ్మల కాగితాలు తీయబోయి మానేసింది. బొమ్మలతో అయ్యే పని కాదని అర్థమైంది. నేల మీద కూర్చుని పందిరి కింద పడున్న పత్తి గింజలు ఏరింది. నాలుగు గింజలు, అందులో రెండింటికి బురద పూసింది.

"ఇగో దాదా. ఇవి జంగుబాయివి, ఒకటి మంచిది, ఒకటి మచ్చది. ఇవి భీంరావువి, గట్లనే. బిడ్డకు తల్లి ఒక్కటిస్తది, తండ్రి ఒక్కటిస్తడు. ఏదిస్తరో వాళ్ళ చేతుల ఉండదు. రెండు దిక్కుల నుంచి మచ్చదే వస్తెనే బీమారి. రాకపోవచ్చు గూడ. వచ్చినా పుట్టంగనే తెలిస్తె మందులతోని కాపాడుకోవచ్చు. ఇగ లగ్గం జెయ్యాల్సినోళ్ళు ముందుగాల చూసుకుంటె మంచిదని చెప్పిన. అయిన లగ్గం ఇడగొట్టుమని నేను అనలే."

జనం గింజల వైపు చూశారు. కొందరు తలలు ఊపారు. కానీ జంగుబాయి అన్న లేచి నిలబడ్డాడు. "గింజలు చూసినం. మరి ఆనాడు గింజలు ఎందుకు చెప్పలే? ఆనాడు ఇల్లు అన్నవ్, ఇయ్యాల గింజ అంటున్నవ్. రేపు ఇంకేమంటవో? ఎండ ఎక్కకముందే పోవాలె, చెల్లె, లే."

జంగుబాయి లేవలేదు. మొదటిసారి నోరు విప్పింది. గొంతు చిన్నదే గానీ పందిరంతా వినబడింది.

"పెద్దదేవుని ముందట నా బిడ్డను ఏ ఇంటి బిడ్డని నిలబెట్టాలె?"

నర్మద వైపు తిరిగింది. "చెప్పు బాయీ. మాది ఒక్క ఇల్లయితె నా బిడ్డకు పేరు లేదు. దేవుని కాడికి రానియ్యరు. సచ్చినా పెద్దల్ల కలవది. గీ నది దాటుడు, బండెక్కుడు నాకు భయం లేదు. నాకు గిదొక్కటే భయం."

దడి అవతల భీంరావు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

నర్మదకు ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చిన శిక్షణలో ఈ ప్రశ్న ఎవరూ చెప్పలేదు. కడుపులో బిడ్డకు జబ్బు వస్తుందా రాదా అని తను లెక్కలేసింది. ఆ బిడ్డకు ఇల్లుంటుందా అని తల్లి భయపడింది. తన మాట అబద్ధమని ఒప్పుకుంటే పరీక్షలూ అబద్ధమే అంటారు, ఆ మందుల గది మాట గోదారిలో కలుస్తుంది. ఒప్పుకోకపోతే జంగుబాయి బండెక్కుతుంది.

"నేను తప్పు మాట చెప్పిన. మచ్చకు ఇల్లు లేదు. మీ గూడెపోళ్ళకే కాదు, ఎవ్వలికైనా ఉండచ్చు" అంది చివరికి.

"ఎవ్వలికైనా?" జంగుబాయి ఆమె ముఖంలోకే చూసింది. "నువ్వు చూపించుకున్నవా?"

ఏడాదిన్నరగా వందలమంది వేళ్ళు పొడిచిన నర్మద తన వేలు ఒక్కసారి కూడా పొడుచుకోలేదు. తీరిక లేక కాదు. పరికరాలు లేకా కాదు. ఆ ఆలోచనే రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పుడు ఆ పందిరి కింద ఆమెకు తెలిసింది. ఇది వీళ్ళ రోగం అనుకుంది. నోటితో ఎప్పుడూ అనలేదు, మనసులో మాత్రం అదే ఉంది.

"లేదు" అంది.

"మా రోగమనుకున్నవా బాయీ?" లింబారావు మెత్తగానే అడిగాడు.

తిట్టి ఉంటే బాగుండేది. నర్మద చేయి చాపింది. "సోంబాయీ, డబ్బ తీ. నా వేలు పొడువు."

సోంబాయి కాస్త తటపటాయించింది. ఆమెకు సూది పట్టడం నేర్పిందే నర్మద. ఇప్పుడు అదే సూదితో అదే మేడం వేలు పొడవాలి. పొడిచింది. నెత్తురు చుక్కను చిన్న గాజు గొట్టంలోని మందునీళ్ళలో కలిపింది. ఆ గొట్టాన్ని నల్లగీతలున్న అట్ట ముందు పెట్టి చూస్తారు. గీతలు కనిపిస్తే మచ్చ లేదు. నీళ్ళు మడ్డిగా మారి గీతలు దాక్కుంటే మచ్చ ఉన్నట్టు. గూడెంలో చిన్నపిల్లలకు కూడా ఇప్పుడు ఈ సంగతి తెలుసు.

కాసేపు ఆగాలి. అందరూ ఆగారు. జంగుబాయి అన్న కూడా బండి తాళం చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నర్మద మనసు గొట్టం మీద లేదు. పరీక్ష అయ్యాక ఏం మాట్లాడాలా, వీళ్ళను ఎలా ఆపాలా అని ఆమె మాటలు కూర్చుకుంటోంది. తనది తేటగా వస్తుందనే నమ్మకం ఆమెకు. తేటగా వస్తే "చూసినవా, మా రోగమే" అంటారేమో, అప్పుడేం చెప్పాలి అని కూడా అనుకుంది.

సోంబాయి గొట్టాన్ని అట్ట ముందు పెట్టింది. గొట్టం తుడిచి మళ్ళీ పెట్టింది.

"మేడం…"

నర్మద చూసింది. గీతలు లేవు. నీళ్ళు కుడితిలా ఉన్నాయి.

"ఇంకోసారి జెయ్" అంది నర్మద. ఇంకో వేలు, ఇంకో గొట్టం. మళ్ళీ అంతే. ఇది మొదటి పరీక్షే, పెద్ద మిషన్ మీద చూస్తేగానీ ఖాయం కాదు అని చెప్పడానికి నోరు తెరిచింది. అదే మాట తను వందలమందికి చెప్పింది. వాళ్ళలో ఎందరికి అది ఊరట ఇచ్చిందో ఇప్పుడు తెలిసొచ్చింది. ఒక్కరికీ ఇచ్చి ఉండదు.

పందిరి కింద గుసగుసలు మొదలయ్యాయి. లింబారావు చేయెత్తగానే ఆగాయి.

"మీ దేవుడెవ్వరు బాయీ?"

"మార్కండేయుడు" అంది నర్మద. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మేం బట్ట నేసే సాలోళ్ళం."

"మీ ఇంటోళ్ళు మా పెద్దదేవుని కాడికి ఎన్నడన్న వచ్చిండ్రా? మా పిల్లను మీరు, మీ పిల్లను మేము ఎన్నడన్న చేసుకున్నమా?"

"లేదు దాదా."

"మరి నీ నెత్తుర్ల గిది ఎట్లొచ్చింది?"

నర్మద తల అడ్డంగా ఊపింది.

లింబారావు ఆ గొట్టం వైపు చూశాడు. తర్వాత జనం వైపు తిరిగి గోండిలో మాట్లాడాడు. సోంబాయి నర్మద చెవిలో తెలుగులో చెబుతూ వచ్చింది. మచ్చతోనే ఇల్లయితే గీ సాలోళ్ళ పిల్ల గూడ మన ఇంటిదే కావాలె. కాదు గద. ఇల్లు పెద్దలిస్తరు, దేవుడిస్తడు. మచ్చ ఎక్కడి నుంచో వస్తది. రెండింటిని కలిపింది మనం కాదు, గీ బాయి. భీంరావు ఐదు దేవుళ్ళ పోరడే. బిడ్డ వానింటి బిడ్డే.

భీంరావు దడి దాటి వచ్చాడు. ఎవరి వైపూ చూడలేదు. తిన్నగా మోటార్ సైకిల్ దగ్గరికి పోయి మూట విప్పాడు. దాన్ని భుజాన వేసుకుని, "లే. బువ్వ వండు" అన్నాడు.

జంగుబాయి అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే "నువ్వే వండు. ఇన్ని దినాలు మంచె మీద పండుకొని బలిసినవ్" అంది. పందిరి కింద ఎవరో నవ్వారు. ఆమె అన్న బండి తాళం జేబులో వేసుకుని, "అయితె కోడి కొయ్యున్రి. ఇంత దూరం ఉత్తగ వచ్చిన్నా?" అన్నాడు.

లింబారావు నర్మద దగ్గరికి వచ్చాడు. "ఇప్పుడు నీళ్ళు తాగు బిడ్డా" అన్నాడు. ఇందాకటి దాకా బాయి, ఇప్పుడు బిడ్డ. "కాన్పుకు నేనే ఎంబడి వస్త. బిడ్డ పుట్టంగనే పరీక్ష జేపిద్దాం. గా ఫోన్ల మాట మాత్రం ఇయ్యాలనే తీసెయ్. లేకుంటె నేనే గూడెం గూడెం తిరిగి చెప్పాలె, నా మోకాళ్ళు సహకరించయి."

నర్మద చెంబు అందుకుంది. నీళ్ళు నోట్లో పోసుకోబోయి ఆగింది.

మోకాళ్ళు.

తనలో మచ్చ ఉంటే అది అవ్వ నుంచో బాపు నుంచో వచ్చి ఉండాలి. అవ్వ బాపుకు సొంత మేనత్త కూతురు. ఒకరికి ఉంటే ఇంకొకరికీ ఉండొచ్చు. పత్తి గింజలు ఆమె కళ్ళ ముందు మళ్ళీ పరుచుకున్నాయి. ఒకటి మంచిది, ఒకటి మచ్చది. తల్లి ఒక్కటిస్తది, తండ్రి ఒక్కటిస్తడు. పెద్దకూతురికి ఒక మచ్చ వచ్చింది. మరి చిన్నదానికి?

చలికాలం వస్తే మోకాళ్ళు పట్టుకుని ఏడ్చే భవ్యశ్రీ. ఉండి ఉండి పచ్చబడే భవ్యశ్రీ కళ్ళు. ఇవాళ కడుపులో నొప్పి. గూడేల్లో పిల్లల కళ్ళు చూసి తడుముకోకుండా "సికిల్ చూడాలి" అనే నర్మద, ఇంటికి పోయినప్పుడల్లా తన పక్కనే పడుకునే చెల్లెలి కళ్ళు చూసి ఒక్కరోజూ అనుకోలేదు.

చెంబు కింద పెట్టి పరుగెత్తింది. గూడెంలో సిగ్నల్ దొరికేది బడి వెనక దిబ్బ మీదే. వెనక నుంచి హనుమండ్లు "మేడం, ఏమైంది?" అని అరుస్తున్నాడు. దిబ్బ ఎక్కగానే ఫోన్ గుయ్యిమంది. అవ్వ ఫోన్లు, బాపు ఫోన్లు, ఒకదాని మీద ఒకటి. నర్మద వేళ్ళకు నెత్తురు ఇంకా అంటుకునే ఉంది.

"అవ్వా! చెల్లె ఎట్లున్నది?"

"ఎన్నిసార్లు జేసిన బిడ్డా, కలుస్తలేదు. పిత్తాశయంల రాళ్ళున్నయట. గింత చిన్న పిల్లకు గవేం రాళ్ళో! మస్తు నొప్పి పడ్డది. ఇయ్యాలనే ఆపరేషన్ జెయ్యాలన్నరు."

"వద్దు. ఆపుమను. అవ్వా, విను, మత్తు ఇయ్యకముందు నెత్తురు పరీక్ష జెయ్యాలె. సికిల్ పరీక్ష. సికిల్ ఉంటె గట్లనే రాళ్ళొస్తయ్, అది చూడకుండ మత్తిస్తె పానం మీదికి వస్తది. డాక్టర్‌కు చెప్పు. ఇప్పుడే చెప్పు."

"లోపలికి తీస్కపోయిండ్రు బిడ్డా. గిప్పుడే. తలుపేసిండ్రు."

"బాపు ఏడి?"

"కింద మందులకు పోయిండు."

"అయితె నువ్వే తలుపు కొట్టు."

అవతల అవ్వ ఊపిరి వినబడింది. పెద్ద దవాఖాన, అద్దాల తలుపులు, తెల్ల చీరల నర్సులు. మగ్గాల సందులో బతుకంతా గడిపిన మనిషి.

"డాక్టర్ల తలుపు మనం కొడతమా బిడ్డా? కోపం జేస్తరు."

"చెయ్యనీ! కొట్టవ్వా. నీ కాళ్ళు మొక్కుత. కొట్టు."

నర్మద ఫోన్‌ను చెవికి అదిమిపెట్టుకుంది. దిబ్బ కింద జీపు స్టార్టయిన చప్పుడు. ఆ తర్వాత ఫోన్లో చెప్పుల చప్పుడు, మెల్లగా, నాలుగడుగులు. ఆగింది. తలుపు మీద ఒక దెబ్బ. ఇంకొకటి, ఈసారి గట్టిగా.

తలుపు తెరుచుకుంది. ఒక మగ గొంతు విసుగ్గా అడిగింది.

"ఎవరమ్మా నువ్వు?"

"లోపలున్న పిల్ల తల్లిని సారూ, మత్తు ఇయ్యకున్రి" అంది అవ్వ.